నేల కింద నీళ్లు మన ఒక్కళ్లవేనా?

స్విచ్ వేస్తాం, ట్యాంకు నిండుతుంది. నిండకపోతే "బోరు ఇంకో వంద అడుగులు దింపిద్దాం" అంటాం. అడుగున ఉన్నదంతా మన సొంతం అయినట్టు! ఆ నీళ్లమీద ఇంకా ఎవరెవరు బతుకుతున్నారో ఎప్పుడన్నా ఆలోచించామా?

మండుటెండల్లో, వాన జాడే లేనప్పుడు కూడా కొన్ని వాగుల్లో సన్నగా నీరు పారుతుంటుంది. వానాకాలంలో నేలలోకి ఇంకిన నీరే ఊటగా మెల్లమెల్లగా బయటికొస్తుంది. ఇసుకలో చెలమ తీస్తే ఊరేవీ ఆ నీళ్లే. రాయలసీమలో పెన్న, చిత్రావతి ఇసుకల్లో ఊటకాలువలు తవ్వి పంటలు పండించుకున్నారంటే ఆ ఊట చలవే. మడుగులో చేపపిల్ల, గట్టున కప్ప, వాటికోసం వచ్చే కొంగ, దాహానికొచ్చే పశువు... అన్నీ దాన్ని నమ్ముకునే వేసవి గడుపుతాయి.

చుట్టూ ఉన్న బోర్లు తోడేసి, నీటిమట్టం వాగు అడుగుకంటే కిందికి పోయిందనుకోండి. వాగుకి నీళ్లిచ్చే నేలే వాగు నీళ్లు తాగేస్తుంది. అప్పుడు మనం బోరు లోతు చేయించుకుంటాం. మరి గట్టుమీద ఏరుమద్ది చెట్టో? దాని వేళ్లు ఒక్క వేసవిలో వంద అడుగులు దిగలేవు కదా!

నేల కిందే పుట్టి, అక్కడే బతికే ప్రాణులూ ఉన్నాయి తెలుసా? నాగార్జున విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర ఆచార్యులు వై. రంగారెడ్డిగారు కృష్ణా, గోదావరి ప్రాంతాల ఇసుకలోంచి, బోరు నీళ్లలోంచి అలాంటివాటిని ఎన్నిటినో వెలికితీశారు. రొయ్యలకి దూరపు చుట్టాలు. చీకట్లో కళ్లతో పనిలేదు గనుక కళ్లే ఉండవు, ఒంటికి రంగూ ఉండదు. చాలావరకు సూదిమొనంత జీవులు. 2011లో లోకానికి తెలిసిన ఒకదానికి 'ఆంధ్రకోయిడిస్' అని మన ఆంధ్ర పేరే పెట్టారు. నీళ్లు ఎండితే వాటికి వలసపోయే చోటు లేదు.

పోనీ, లోతుకి వెళ్తే మనమన్నా బాగుపడుతున్నామా? తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల కింద గట్టిరాయి. నీరు ఎక్కువగా పైనున్న మెత్తరాతిలో, పగుళ్లలో నిలుస్తుంది. లోతుకి పోయేకొద్దీ పగుళ్లే తగ్గిపోతాయి. నీళ్లు పడని బోర్లకి ఎంతమంది ఆడవాళ్ల గాజులు, గొలుసులు తాకట్టుకి వెళ్లలేదు!

2002లో వచ్చిన వాల్టా చట్టం నీరు, భూమి, చెట్టు మూడింటినీ పేరులోనే ఒక వరసలో నిలబెట్టింది. కానీ ప్రతి పెరట్లో చట్టం కాపలా కాయలేదు. ఆ పని మనదే. వాకిలంతా సిమెంటు చేయించకుండా కాస్త మట్టి వదలండి. డాబా మీద వాననీరు ఇంకుడుగుంతలోకి వెళ్లేలా గొట్టం పెట్టించండి. అపార్టుమెంటు మీటింగులో కొత్త బోరు మాటొస్తే, ముందు ఇంకుడుగుంత సంగతేమిటని అడగండి.

బియ్యం డబ్బా అడుగంటితే పొడుగు గరిటె కోసం వెతుకుతామా? బియ్యం తెచ్చి పోస్తాం. ఇల్లు నడిపే మనకి తెలిసిన ఈ లెక్క నేలకీ వర్తిస్తుంది. పైగా ఆ డబ్బాలోంచి తినేవాళ్లు మనింట్లో వాళ్లొక్కరే కాదు.