రంగు వేయని కారు

ఒక ప్రశ్న వేస్తాను, కాస్త ఆలోచించి చెప్పండి. మీ షెడ్డులో ఏళ్ళ తరబడి మూలపడి వున్న పాత కారు ఒకటి వుందనుకోండి. రంగు వెలిసిపోయింది. రేకు అక్కడక్కడా తుప్పు పట్టింది. డిక్కీలో ఎవరో అడ్డదిడ్డంగా పొడిచిన కన్నాలు వున్నాయి. మీ చేతిలో డబ్బుంది. తెలిసిన మెకానిక్కూ వున్నాడు. ఏం చేస్తారు?

"చేసేదేముంది? కన్నాలు పూడ్పించి, రంగు వేయించి, పెళ్ళికొడుకులా తయారు చేయిస్తాం" అంటారు. నేనూ అంతే అనేవాణ్ణి. కాని అమెరికాలో ఒక కుటుంబం ఆ పని చేయలేదు. చేయనందువల్ల ఏం జరిగిందో చెప్పేముందు, ఆ కార్ల వంశచరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పాలి.

వాటిని అక్కడ 'మజిల్ కార్లు' అంటారు. అంటే కండలు తిరిగిన కార్లన్నమాట. మధ్యరకం ఒంటిలో పెద్ద కారు గుండెకాయ పెట్టడమే అందులోని రహస్యం. 1964లో పాంటియాక్ జీటీవో వచ్చింది. మధ్యరకం కారుకు 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టరాదని జనరల్ మోటార్స్ వారి కట్టడి. పాంటియాక్‌లో జాన్ డెలోరియన్, ఆయన తోటి ఇంజనీర్లు దానికి ఉపాయం కనిపెట్టారు. 389 అంగుళాల ఇంజనును కారుతో పాటు యివ్వకుండా, 'కావలసినవారు అడిగి తీసుకోవచ్చు' అనే పట్టికలో చేర్చారు. అడగనివాడెవడు? మొదటి ఏడే 32,450 అమ్ముడుపోయాయి. మిగతా కంపెనీలు చూస్తూ వూరుకుంటాయా?

ఆ వైభవం పట్టుమని పదేళ్ళు నిలవలేదు. కుర్రవాళ్ళ చేతికి ఈ కార్లిస్తే భీమా కంపెనీలు బెదిరి రుసుము పెంచాయి. 1970లో పొగ మీద చట్టం వచ్చింది. 1973లో అరబ్బు దేశాలు చమురు కట్టేశాయి. కండలు కరిగిపోయాయి.

తమాషా ఏమిటంటే, ఆనాడు ధరకు జడిసి జనం కొనకుండా వదిలేసినవే నేడు అపురూపమైనాయి. 1969లో అల్యూమినియం ఇంజనుతో వచ్చిన జెడ్ఎల్1 కమారోలు మొత్తం 69. ఒక్క ఇంజనుకే 4 వేల డాలర్లు పైన అడిగేసరికి డీలర్ల దగ్గర అవి పడివున్నాయి. 1971లో హెమీ ఇంజనుతో తయారైన టాపు తెరిచే ప్లిమత్ కుడాలు పదకొండు. వాటిలో ఒకదానికి 2014లో వేలంలో 35 లక్షల డాలర్ల పాట పలికింది.

డబ్బున్నచోట దొంగసరుకు వుండకపోతుందా? మామూలు కుడాకు హెమీ ఇంజను బిగించి 'అదే యిది' అని అమ్మేవాళ్ళు బయల్దేరారు. అందుకని కొనేవాడు కారు అందం చూడడు; ముందు నెంబర్లు చూస్తాడు. బండి నెంబరూ, ఇంజను మీద కొట్టిన నెంబరూ కలవాలి. సీటు విప్పి స్ప్రింగుల్లో చెయ్యి పెట్టి వెతుకుతాడు. ఏ బండికి ఏమేం బిగించాలో రాసిన కాగితం ఫ్యాక్టరీ కూలీలు అక్కడ వదిలేసేవారు. ఎలుకలు కొట్టని ఆ కాగితం దొరికితే నిధి దొరికినట్టే. జీర్ణోద్ధరణలో ఆరితేరిన పనివాళ్ళు ఆనాటి కూలీ సుద్దతో పెట్టిన గీతలనూ, తొందరలో కారిపోయిన రంగు చారలనూ కూడా మళ్ళీ అచ్చం అలాగే దింపుతారు!

ఇంత కష్టపడి మచ్చలు కొత్తగా పెట్టే బదులు, వున్న మచ్చలు వుంచుకుంటే పోదా? ఇక్కడే మన కుటుంబం కథ వస్తుంది.

1968లో 'బుల్లిట్' అనే చిత్రం వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో మిట్టపల్లాల వీధుల్లో స్టీవ్ మెక్వీన్ ఆకుపచ్చ ఫోర్డు మస్టాంగు మీద దుండగుల్ని తరుముతాడు. ఆ చిత్రానికి వాడిన మస్టాంగులు రెండు. ఒకదాన్ని 1974లో ఒక కుటుంబం పత్రికలో ప్రకటన చూసి 6 వేల డాలర్లకు కొన్నది. ఇల్లాలు బడిపంతులమ్మ, దాని మీదే బడికి వెళ్ళివచ్చేది. 1977లో సాక్షాత్తు మెక్వీనే వుత్తరం రాశాడు: ఆ కారు నాకివ్వండి, దానికి మరమ్మతులు చేయించి మెరుగులు దిద్దను, చిత్రంలో ఎలా వుందో అలాగే వుంచుకుంటాను, మీకు అలాంటి మస్టాంగు మరొకటి వెతికిపెడతాను అని. వాళ్ళు యివ్వలేదు. 1980లో మెక్వీన్ కన్నుమూశాడు. ఆ ప్రాంతంలోనే క్లచ్చి చెడి కారూ మూలపడింది.

తండ్రి దాన్ని బాగుచేద్దామనుకుంటూనే వున్నాడు. 2001లో కొడుకుతో కలిసి పని మొదలుపెట్టాడు, ఆరోగ్యం సాగనివ్వలేదు. 2014లో పోయాడు. కొడుకు దాన్ని పూర్తిచేశాడు. ఎలా? పరుగెత్తడానికి కావలసినవి బాగుచేయించాడు. ఒంటిని మాత్రం ముట్టుకోలేదు. కెమెరాలు బిగించడానికి తలుపుల కింద అతికించిన గొట్టాలు, డిక్కీలో కన్నాలు, వెలిసిన ఆకుపచ్చ రంగు అన్నీ అలాగే వుంచాడు. కారు నెంబరుతో పాటు ఆ కన్నాలే సాక్ష్యం చెప్పాయి. 2018లో డెట్రాయిట్ ప్రదర్శనలో తెర తీశారు. 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో 34 లక్షల డాలర్ల పాట వచ్చింది. కమిషనుతో 37 లక్షల 40 వేలు.

మరి రెండో కారో? అది మెక్సికోలో తుక్కుసామానులో దొరికింది. కొన్నవాడు దాన్ని మరో చిత్రంలోని మస్టాంగుకు నకలుగా మార్చబోయాడు. 2017లో నెంబరు పరీక్షించబట్టి బతికింది. లేకపోతే అసలు చేతులారా నకలై పోయేది!

తుప్పు తినేస్తూంటే చూస్తూ కూర్చోమని నేననను. రేకు రాలిపోయే కారుకు మరమ్మతు చేయక తప్పదు. పందేల్లో ముక్కలైన కారును నిలబెట్టినవాడు పుణ్యాత్ముడే. కాని గరుకు కాగితం తీసుకునే ముందు ఫొటోలు తీయండి, విప్పిన ప్రతి మరా దాచండి, సీటు కింద వెతకండి. రంగు ఎప్పుడైనా వేయవచ్చు. గీకేసిన పాత రంగును మాత్రం ఏ పనివాడూ తిరిగి తేలేడు.

గుడి స్తంభం మీది శిల్పానికి సున్నం కొట్టించి "శుభ్రమైంది" అనుకునేవాళ్ళం మనం. మనకీ సంగతి వేరే చెప్పాలా?