బడి గంటకు ముందే నర్సమ్మ పని

జూన్ 12న బడి అంటే ఇంట్లో హడావుడి అంతా ఇంతా కాదు. పుస్తకాలు, సంచి, యూనిఫాం, బూట్లు... అన్నీ సిద్ధం. మరి పిల్లల ఒంటి సంగతి? పెన్నా ఒడ్డున ఉన్న రొద్దం లాంటి మండలాల్లో ఆ లెక్క చూసుకునేది నర్సమ్మ.

సర్కారు బడిలో నర్సు ఎక్కడుందీ అంటారా? నిజమే, మామూలు బడుల్లో ఆ ఉద్యోగం లేదు. ఊళ్లో టీకాలకైనా గర్భిణులకైనా తిరిగే ఏఎన్ఎమ్మే బడికీ దిక్కు. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు కాస్త నయం. హాస్టల్ ఉండే ఈ బడులకు ఏఎన్ఎం పోస్టు ఉంది. రాత్రి జ్వరమొచ్చినా, ప్రార్థనలో కళ్లు తిరిగినా ఆడపిల్లలు మొదట తట్టేది ఆమె తలుపే.

సెలవులయ్యాక ఆ తలుపు తీయగానే మొదటి పని మందుల బీరువా. మే నెల ఎండలకు మూసిన గదిలో మగ్గిన మందులవి. గడువు దాటినవి పక్కకు, గడ్డకట్టిన ఓఆర్ఎస్ ప్యాకెట్లు పక్కకు. థర్మామీటరు పనిచేస్తోందా, దూది, గాజుగుడ్డ, శానిటరీ న్యాప్‌కిన్లు ఎన్నున్నాయి? మంచినీళ్ల ట్యాంకు కడిగి బ్లీచింగ్ వేశారా? ఇదంతా ఒక పూట పని. అసలు పని పిల్లలు ట్రంకు పెట్టెలతో దిగినప్పుడు మొదలవుతుంది.

'పాపకు ఏమైనా జబ్బుందామ్మా?' అని అడిగితే ఏ తల్లయినా చెప్పే జవాబు ఒకటే. 'ఏం లేదు మేడమ్, బాగుండాది.' ఫిట్స్ ఉన్నా అదే మాట. తెలిస్తే సీటివ్వరేమో, రేపు పెళ్లికి అడ్డమేమో అని భయం. అందుకే అనుభవమున్న నర్సమ్మ ప్రశ్న మారుస్తుంది. 'రాత్రిపూట బిళ్ల ఏమైనా మింగుతుందా? ఎన్ని తెచ్చారు?' అంటుంది. అప్పుడు కొంగుముడి లోంచో, సంచి అడుగు నుంచో మందుల చీటీ బయటికొస్తుంది. ఫిట్స్ బిళ్ల రెండు మూడు రోజులు ఆగితే చాలు, ఆగిపోయిన ఫిట్స్ మళ్లీ రావచ్చు. హాస్టల్లో మొదటి వారమే పిల్లలు బెంగతో, సిగ్గుతో బిళ్ల దాచేసే వారం. ఆ చీటీ సంగతి నర్సమ్మకు తెలియడం ఎంత ముఖ్యమో చెప్పాలా? ఆయాసం, గుండెలో రంధ్రం, తలసేమియా... ఇవీ అలా అడిగి రాబట్టాల్సినవే. రాబట్టినవి నలుగురిలో చదవకుండా దాచుకోవడమూ ఆమె పనే.

తర్వాత బరువు, ఎత్తు. ఏప్రిల్లో రాసిన అంకె పక్కన జూన్ అంకె రాస్తే సెలవుల్లో ఆ పిల్ల ఏం తిన్నదో తెలిసిపోతుంది. వేలి సందుల్లో గజ్జి, తలలో పేలు కూడా అప్పుడే చూడాలి. గజ్జి ఒక్క పిల్లకు తగ్గిస్తే లాభం లేదు. గదిలో అందరికీ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా మందు పూయాలి, వారానికి మరోసారి పూయాలి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఒక్కరు తప్పించుకున్నా నెల తిరిగేసరికి మళ్లీ మొదటికే!

ఇక రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో సుమారు 60 శాతం మందికి రక్తం తక్కువ. వారానికొకటి ఇచ్చే నీలం రంగు బిళ్లలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఖాళీ కడుపున మింగితే వికారం, ఆ తర్వాత వారం బిళ్ల కిటికీ అవతలికి! భోజనమయ్యాకే ఇవ్వాలి. రాగిజావతోనో టీతోనో మాత్రం వద్దు. రాగుల్లోని కాల్షియం, టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. ముద్ద తినే సీమలో ఈ మాట తల్లులకూ చెప్పాలి. రాగులు మంచివే, ఆ బిళ్ల వేళకు కాదంతే.

హాస్టల్ లేని బడుల సంగతి వేరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్లు, ఏఎన్ఎం, ఫార్మసిస్టు ఉన్న బృందం బడికొచ్చి పిల్లల్ని పరీక్షించాలి. ఏడాదికి ఒకసారి. ఆ రోజు రాని పిల్లాడి మాటేమిటి? ఈ జిల్లాలో పంట పోయిన ఏడు కుటుంబాలు బెంగళూరు దారి పడతాయి. పిల్లాడు అక్కడున్నప్పుడే ఇక్కడ నులిపురుగుల బిళ్ల, పదేళ్లకు వేసే టీడీ టీకా రెండూ దాటిపోతాయి. అందుకే ఏఎన్ఎం జూన్‌లో చూడాల్సింది హాజరు పట్టీలోని పేర్లను కాదు, నిరుడు మాయమై ఇప్పుడు తిరిగొచ్చిన పేర్లను.

ఇలాంటి పనే న్యూయార్క్‌లో స్కూల్ నర్సును పుట్టించింది. గజ్జి, తామర, కంటిజబ్బు ఉన్న పిల్లల్ని అక్కడ బడి నుంచి ఇంటికి పంపేసేవారు. వాళ్లు వీధుల్లో తిరిగేవారు, జబ్బు అలాగే ఉండేది. 1902 అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సు బడుల్లో అడుగుపెట్టి, అక్కడే కట్టుకట్టి, ఇళ్లకెళ్లి తల్లులకు చెప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు సెప్టెంబరులో 10 వేలకు పైగా పిల్లల్ని ఇంటికి పంపిస్తే, మరుసటి సెప్టెంబరుకు ఆ సంఖ్య సుమారు 1,100కు దిగింది. కొత్త మందేమీ కనిపెట్టలేదామె. అడిగింది, రాసుకుంది, మళ్లీ వెళ్లి చూసింది.

మీ పిల్లల బడిలో నర్సమ్మ లేకపోతే? ఒక తెల్ల కాగితం తీయండి. పిల్లాడి పేరు, పడని మందు, రోజూ మింగే బిళ్ల, ఇంట్లో ఫోనెత్తే ఇద్దరి నంబర్లు రాయండి. తొలకరికి పొలాల్లో పాములు తిరిగే రోజులు కాబట్టి 108 నంబరు, దగ్గరి ప్రభుత్వాసుపత్రి నంబరు కూడా వేయండి. ఒక కాపీ క్లాసు టీచరుకు, ఇంకొకటి ఊరి ఏఎన్ఎంకు. మందు మారిన రోజున కాగితమూ మార్చండి.