శంఖం గొప్పదా, పాలపిట్ట గొప్పదా?

ఒకటి సముద్రం అడుగున ఇసుకలో పాకే నత్త. ఇంకోటి కరెంటు తీగ మీద కూర్చుని పురుగుల కోసం కాచుకునే పిట్ట. వీటికి పోలికేంటి అంటారా? రెంటికీ మనం దణ్ణం పెడతాం, అదే పోలిక :)

తేడా ఏంటంటే, పాలపిట్టని ప్రాణంతో చూస్తాం. శంఖం మాత్రం అందులోని నత్త చచ్చాకే మన చేతికొస్తుంది. పూజగదిలో శంఖం ఉన్నవాళ్ళలో ఆ నత్త ఏం తినేదో ఎంతమందికి తెలుసు? ఇసుకలోని పురుగుల్ని తింటుంది, శుద్ధ మాంసాహారి!

ఇక దక్షిణావర్త శంఖం. మొన పైకి పెట్టి చూస్తే మామూలు శంఖానికి నోరు కుడివైపు ఉంటుంది. ఎప్పుడో అరుదుగా ఎడమవైపు ఉన్నది పుడుతుంది, దానికే ఆ రేటు. అమెరికా తూర్పు తీరంలో లైట్నింగ్ వెల్క్ అనే వేరే నత్త ఉంది. దానికి నోరు మామూలుగానే ఎడమవైపు. దాన్నే తెచ్చి మనకి దక్షిణావర్తం అని అంటగడుతున్నారు.

నాకు అసలు బాధ వేరే. పాలపిట్టకి రెక్కలున్నాయి, ఇక్కడ తిండి లేకపోతే పక్క ఊరికి పోతుంది. చాలా సముద్రపు నత్తల పిల్లలు కూడా మొదట్లో నీళ్ళలో తేలుతూ దూరాలు పోతాయి. శంఖం అలా కాదు. గుడ్డు సంచిలోంచి నేరుగా బుల్లి శంఖాలే బయటికొచ్చి అక్కడే స్థిరపడతాయి. అంటే ఒకచోట ఊడ్చేస్తే మళ్ళీ నిండటం చాలా కష్టం.

పైగా పిట్టని లెక్కపెట్టేవాళ్ళున్నారు. 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక వెనక 30 వేలకి పైగా పక్షి ప్రేమికులు నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలున్నాయి. పాలపిట్ట తగ్గుతోందని బయటపడింది అందుకే. సముద్రం అడుగున నత్తని చూసి యాప్‌లో ఎంటర్ చేసేదెవరు? డేటా లేనంత మాత్రాన సమస్య లేనట్టు కాదని మన ఫీల్డులో వాళ్ళకి వేరే చెప్పాలా?

నామటుకు నాకు రెండే అనిపిస్తాయి. దసరాకి పంజరంలో పాలపిట్టని చూపించి డబ్బులడిగితే ఇవ్వొద్దు. దాన్ని పట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇంట్లో తాతగారి శంఖం ఉంటే ఇంకోటి కొనొద్దు. అది అరిగిపోదు, తరాలపాటు మోగుతుంది. దణ్ణం పెట్టేవాటి ప్రాణం మీద ఆమాత్రం పట్టింపు లేకపోతే ఆ దణ్ణానికి అర్థమేముంది?

మీరేమంటారు?