సేవ్ కొట్టాక పాత ప్రతి ఎక్కడికి పోతుంది?

సేవ్ చేయకముందే కరెంటు పోయి ఫైలు పోతే అందరం బాధపడతాం. సేవ్ చేయడం వల్లే పోయే రాతల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. కమ్మర్‌పల్లి లాంటి మండల కేంద్రంలో కంప్యూటర్ షాపుకు వెళ్లి సంఘం తీర్మానమో, సభ్యుల జాబితానో టైపు చేయిస్తారు. నెల తర్వాత వచ్చి నాలుగు పేర్లు మార్చమంటారు. పాత ఫైలే తెరిచి, మార్చి, అదే పేరుతో సేవ్ చేస్తారు. మొదటి జాబితా ఏమిటని రేపు తగువొస్తే చూపడానికేమీ ఉండదు.

తెలుగు రాతకు ఇంకో గండం కూడా ఉండేది. 2019లో విండోస్ 10కు వచ్చిన మార్పు దాకా నోట్‌ప్యాడ్ కొత్త ఫైలును తెలుగు అక్షరాలు పట్టని ఆన్సీ పద్ధతిలోనే దాచేది. హెచ్చరిక చదవకుండా ఓకే నొక్కి మూసేస్తే, మళ్లీ తెరిచినప్పుడు తెలుగంతా ప్రశ్నార్థకాల వరుస. వాటిలోంచి అక్షరాలను వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు. పాత ప్రతి ఉంటేనే దిక్కు.

కమ్మర్‌పల్లి పసుపు రైతు పంటంతా ఉడకబెట్టేసి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పంపడు. వానాకాలం నాటుకు దుంపలు తీసి పెట్టాకే మిగతాది ఉడకబెడతాడు. ఎడిటర్‌లోనూ ఆ పని జరగాలి, అదీ మనం గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా.

ఉచితంగా దొరికే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఆ ఏర్పాటుంది. సెట్టింగ్స్‌లో ప్రిఫరెన్సెస్, అందులో బ్యాకప్. ‘సింపుల్’ ఎంచుకుంటే ఒక్క పాత ప్రతే మిగులుతుంది. రెండుసార్లు సేవ్ కొడితే మంచిది కాస్తా పోతుంది. ‘వెర్బోస్’ ఎంచుకోండి. సేవ్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయం పేరులో చేర్చి పాతదాన్ని వేరే ఫోల్డర్‌లో పెడుతుంది. ఈమాక్స్ అనే ఎడిటర్ అయితే ఏమీ చెప్పకుండానే, ఫైలు తెరిచాక మొదటిసారి సేవ్ చేసేటప్పుడు పాత ప్రతిని దాస్తుంది. అన్ని ఎడిటర్లూ అలాగే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో మనం మార్చేదాకా బ్యాకప్ ఎంపిక ‘నన్’ (ఏదీ దాచవద్దు) మీదే ఉంటుంది. అది న్యాయం కాదు. అవసరం తెలియనివాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

డిస్కు నిండుతుందన్న భయం వద్దు. యూనికోడ్ తెలుగులో వెయ్యి మాటల ఫైలు ముప్పై కిలోబైట్లు దాటడం అరుదు. వంద ప్రతులు దాచినా ఫోనులో తీసిన ఒక్క ఫొటో అంత చోటు చాలు. అయితే ఇవన్నీ ఒకే డిస్కులో ఉంటాయి కాబట్టి, వారానికోసారి ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని షాపులో కాకుండా ఇంట్లో పెట్టండి.