లారీలో చివర ఎక్కేది

వేసవి సెలవుల్లో ఇళ్లు మారే కుటుంబాలు చాలా ఉంటాయి. అందుకే మా అనుభవం ఒకటి ఈ నెల మీతో పంచుకుంటున్నాము.

మొదటిసారి ఊరు మారినప్పుడు, చేతికి దొరికిన సామాను దొరికినట్టే లారీకి ఎక్కించేశాము. కొత్త ఊరు చేరేసరికి రాత్రి పది దాటింది. నాన్నగారికి ఆయాసం ఎక్కువైంది. మందుల పెట్టె ఎక్కడో బియ్యం బస్తాల వెనుక ఉండిపోయింది. సగం సామాను వీధిలోకి దించితేగాని దొరకలేదు. ఆ గంటసేపు ఆయన పడిన బాధ మేము మరచిపోలేదు.

మరుసటిసారి ముందురోజే కూర్చొని వరుస రాసుకున్నాము. బీరువా, రుబ్బురోలు, బస్తాలు ముందుగా కేబిన్ వైపున అడుగుకు చేర్చాము. బరువు ఒక పక్కకే పడకుండా రెండు వైపులా సర్దాము. సందుల్లో పరుపులు, దుప్పట్లు కూరి, తేలికైనవి పైన పెట్టాము. టార్పాలిన్ కప్పి మోకుతో బిగించాము. గ్యాస్ బండను ఏజెన్సీలో అప్పగించి బదిలీ కాగితం తీసుకున్నాము. సామానుపైన ఎవరినీ కూర్చోనివ్వలేదు.

లారీలో చివర ఎక్కినదే మొదట దిగుతుంది. గనుక చాపలు, బిందె, టార్చిలైటు, నాలుగు గిన్నెలు చివర ఎక్కించండి. మందులు, పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు లారీలో వేయకండి. చేతిసంచిలో మీ దగ్గరే ఉంచుకోండి.

సామాను కట్టే ముందు ఇంట్లోని పెద్దవారిని ఒక్కమాట అడగండి: "ఈ రాత్రికి మీకేమి కావాలి?" ఆనాడు నాన్నగారిని మేము ఆ మాట అడగలేదు.