ఏడు లెక్క మనకు కొత్తా?

కూచిపూడిలో నేను డ్రీమ్ థియేటర్ అనే రాక్ బృందం పేరెత్తినప్పుడల్లా రెండు మాటల్లో ఒకటి వినబడుతుంది. సంగీతం నేర్చిన పెద్దలు "గోల" అనేస్తారు. రాక్ వినే కుర్రాళ్లేమో "అంతా లెక్కలే అన్నా, ప్రాణం ఉండదు. 1992లో వచ్చిన 'ఇమేజెస్ అండ్ వర్డ్స్' ఒక్కటే వినదగ్గది, తర్వాతదంతా వేళ్ల సాము" అంటారు.

గోల సంగతి తొందరగా తేల్చేస్తాను. కరెంటు మాండొలిన్‌తో కచేరీకి కూర్చున్న పాలకొల్లు శ్రీనివాస్ కూడా మొదట్లో ఇలాంటి పెదవి విరుపులు చూసినవాడే. రెండో మాటే నన్ను బాధపెడుతుంది. తాళం చిక్కబడితే రసం పలచబడుతుందన్న నమ్మకం అది. ఎక్కడైనా తప్పే, ఈ ఊళ్లో మరీ తప్పు.

పక్కనే క్షేత్రయ్య ఊరు మొవ్వ. ఆయన పదాల్లో చాలావాటికి త్రిపుట తాళం. మూడు, రెండు, రెండు, వెరసి ఏడు. తెలుగులో విరహాన్ని అంత లోతుగా పాడినవాళ్లు అరుదు, ఆ విరహం నడిచింది ఏడు మీదే. పదం పాడుతున్న మనిషి కళ్లు చెమర్చినప్పుడు లెక్క అడ్డొచ్చిందని ఎవరన్నారు? అదే ఏడు గిటార్ మీద పలికితే గణితం ఎలా అయింది?

తరంగం గుర్తు తెచ్చుకోండి. ఇత్తడి పళ్లెం అంచును కాలివేళ్లతో బిగించి, నెత్తిన నీళ్ల చెంబుతో నర్తకి నిలబడుతుంది. నట్టువాంగం జతి విసురుతుంది, మృదంగం అందుకుంటుంది, పళ్లెం గరగరమంటూ జరుగుతుంది. సమం వచ్చి పడేదాకా మన ఊపిరి మన చేతిలో ఉండదు. ఆ ఊపిరి బిగబట్టించేది లెక్కే. డ్రీమ్ థియేటర్ వాళ్ల 'ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ' వింటున్నప్పుడు నాకు అచ్చంగా ఇదే జరుగుతుంది. పాట లేని ఆరు నిమిషాల వాద్యం, వందసార్లకు పైగా మారే తాళం. ఆ ఉరవడి మధ్య ఉన్నట్టుండి జోర్డాన్ రూడెస్ పియానో మీద పాతకాలపు రాగ్‌టైమ్ కొద్ది క్షణాలు పలికి మాయమవుతుంది. ఎందుకంటే ఈ వాద్యం ఉన్న ఆల్బమ్ ఒక కథ చెబుతుంది, అందులోని హత్య జరిగింది 1928లో. ఆ కాలం అలా తొంగిచూసి పోతుంది.

ఆ ఆల్బమ్ 1999 నాటి 'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ'. నికొలస్ అనే యువకుడు హిప్నాటిజం నిద్రలో, గతజన్మలో తాను హత్యకు గురైన విక్టోరియానని తెలుసుకుంటాడు. 'మూగమనసులు' చూసి ఏడ్చిన మనకు ఇది విడమరిచి చెప్పాలా? రెండు అంకాలు, తొమ్మిది రంగాలు. నికొలస్ మాటా విక్టోరియా మాటా జేమ్స్ లబ్రీ గొంతులోంచే వస్తాయి. మగ గొంతులో ఆడమనిషి వేదనేమిటని అడగడానికి, వేదాంతం సత్యనారాయణశర్మను సత్యభామగా చూసి మురిసిన ఊరికి నోరెలా వస్తుంది?

నాకు దీని తర్వాతి స్థానం 1994 నాటి 'అవేక్'ది. వేళ్లకు ఊపిరాడనివ్వని 'ఎరొటోమేనియా' ఉన్న ఆల్బమే చివర్లో 'స్పేస్-డై వెస్ట్' దగ్గర పియానో మీద కుప్పకూలిపోతుంది. అది రాసిన కెవిన్ మూర్ ఆల్బమ్ విడుదలకు ముందే బృందం వదిలి వెళ్లిపోయాడు. ప్రాణం లేదన్నవాళ్లు ఆ పాట దాకా విన్నారా అని నా అనుమానం.

లెక్క ఉంటే చాలు రసం దానంతటదే వస్తుందని నేనూ అనను. 'ట్రైన్ ఆఫ్ థాట్'లో కొన్ని సోలోలు వేగం కోసమే సాగాయి. 2016 నాటి 'ది ఆస్టోనిషింగ్' రెండు గంటలు దాటినా నా మనసులో ఒక్క పాటా నిలవలేదు. అయితే వాళ్ల మిగతా ఆల్బమ్‌లతో పోలిస్తే అందులో తాళాలు సులువైనవి. లెక్క తగ్గింది, రసం పెరగలేదు. నేరం లెక్కదైతే ఇలా ఎందుకు జరిగింది?

కుర్రాళ్లకు ఒక్కటే మనవి. 'సీన్స్'లోంచి ఒక పాట ఏరుకుని వినకండి, భామాకలాపాన్ని మధ్యలోంచి చూడం కదా. ఒక రాత్రి డెబ్భై ఏడు నిమిషాలు తీసిపెట్టి, మొదటి పాట నుంచి పన్నెండో పాట దాకా వరసగా వినండి. అప్పటికీ ప్రాణం లేదనిపిస్తే రండి, కూర్చుని వాదిద్దాం.