యాన్ వెన్నర్ లిస్టులో లేనివాళ్ళు

నేను ఇంగ్లీషు పాటలు వినడం నేర్చుకున్నది ఒక లిస్టు పట్టుకుని. 2003 చివర్లో రోలింగ్ స్టోన్ పత్రిక ‘అన్ని కాలాల్లోకీ గొప్ప 500 ఆల్బమ్‌లు’ అని ఒక సంచిక వేసింది. మా ఆఫీసులో ఎవరో పుణ్యాత్ముడు దాన్ని ఎక్సెల్ షీటులోకి ఎక్కించి మెయిల్లో తిప్పాడు. టెస్ట్ కేసుల్లాగా ఒక్కోటీ వినడం, పక్క కాలమ్‌లో టిక్కు పెట్టుకోవడం... (నవ్వకండి, ఆ షీటు ఇంకా నా దగ్గరుంది). కాబట్టి ఆ పత్రిక పెట్టిన యాన్ వెన్నర్ గురించి మాట్లాడ్డమంటే ఎవరో పరాయివాడి గురించి మాట్లాడినట్టుండదు నాకు. నా చెవుల్ని సగం తయారుచేసింది ఆయనే.

ముందు ఏమాటకామాటే చెప్పుకోవాలి. 1967లో బర్క్‌లీలో చదువు మధ్యలో వదిలేసిన 21 ఏళ్ళ కుర్రాడు, ఇంట్లోవాళ్ళ దగ్గరా కాబోయే భార్య తరఫువాళ్ళ దగ్గరా అప్పుచేసి పోగేసిన 7,500 డాలర్లతో, శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేడమీద పత్రిక మొదలుపెట్టాడు. తోడుగా ఉన్నది రాల్ఫ్ గ్లీసన్ అనే పేరున్న జాజ్ విమర్శకుడు. నవంబర్ 9 తేదీతో మొదటి సంచిక వచ్చింది. అట్ట మీద జాన్ లెనన్, వెల 25 సెంట్లు. 40 వేల కాపీలు వేస్తే సుమారు 34 వేలు వెనక్కొచ్చాయట! మనమైతే ఆ రాత్రే రెజ్యూమె అప్‌డేట్ చేసుకుని ఉండేవాళ్ళం.

అప్పటికి పాప్ పాటల మీద రాసేవాళ్ళలో ఎక్కువమంది రాసేది పాటగాడికి ఏ రంగు ఇష్టం, ఏ అమ్మాయి ఇష్టం అనే. పాటగాడిని కూర్చోబెట్టి ఒక రచయితని అడిగినట్టు గంటల తరబడి అడగొచ్చనీ, ఆ జవాబులు పేజీలకి పేజీలు వేస్తే చదివే జనం ఉన్నారనీ వెన్నర్ పట్టుకున్నాడు. ఈ అంచనా తప్పలేదు. హంటర్ థాంప్సన్ లాంటి మనిషికి అన్నన్ని పేజీలు ఎవరిస్తారు? లాస్ వేగస్ మీద ఆయన రాసింది 1971లో ఇందులోనే వచ్చింది. ఇంకా చదువుకుంటున్న ఆనీ లీబొవిట్జ్ చేతిలో కెమెరా పనిపెట్టిందీ ఈ పత్రికే. అన్నిటికన్నా నాకు నచ్చేది, 1969 డిసెంబర్లో ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీలో ఒక నల్లజాతి కుర్రాడు కత్తిపోట్లకి చనిపోతే, వెన్నర్ తన దేవుళ్ళ కచేరీ అని చూడకుండా, ఎవరెవరి నిర్లక్ష్యం ఎంతో తవ్వి దాదాపు సంచిక మొత్తం దానికే ఇవ్వడం. అభిమాని చేయాల్సిన పని కాదది, ఎడిటర్ చేయాల్సిన పని.

చిక్కల్లా ఏమిటంటే, ఆయనలో ఈ ఇద్దరికీ ఎప్పుడూ పడేది కాదు. రాన్రానూ అభిమానిదే పైచేయి అయింది. 1973లో లెస్టర్ బ్యాంగ్స్ అనే విమర్శకుడిని, సంగీతకారులంటే గౌరవం లేదని తీసేశారు. (బ్యాంగ్స్ రాతలు చదివితే ఆ గౌరవం లేకపోవడమే అందులో సగం అందం.) లెనన్ పత్రిక కోసమని ఇచ్చిన ఇంటర్వ్యూని ఆయన వద్దంటున్నా పుస్తకంగా వేసేశాడు. 2001లో మిక్ జాగర్ సోలో ఆల్బమ్ వస్తే ఓనరుగారే స్వయంగా సమీక్ష రాసి అయిదుకి అయిదు చుక్కలూ ఇచ్చేశారు. సొంత స్నేహితుడి కోడ్‌ని తానే రివ్యూ చేసి తానే అప్రూవ్ కొట్టినట్టు!

ఆ తర్వాత కథ చాలామందికి తెలిసిందే. 1977లో న్యూయార్క్‌కి మకాం, 1983లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఫౌండేషన్, 2014లో ఒక యూనివర్సిటీ అత్యాచార కథనాన్ని సరిగ్గా సరిచూడకుండా వేసి 2015లో వెనక్కి తీసుకోవడం, 2017లో పత్రికలో పెద్దవాటా పెన్స్కీ మీడియా చేతికి పోవడం.

అసలు నేను చెప్పాలనుకున్నది 2023 సంగతి. సెప్టెంబర్లో ఆయన ‘ద మాస్టర్స్’ అని పాత ఇంటర్వ్యూల పుస్తకం వేశాడు. అందులో ఏడుగురు, ఏడుగురూ తెల్లవాళ్ళే, మగవాళ్ళే. అదేమిటని న్యూయార్క్ టైమ్స్ విలేకరి అడిగితే, ఆడవాళ్ళెవరూ ఆ మేధోస్థాయిలో తమ పని గురించి చెప్పగలిగేవాళ్ళు కాదన్నాడు. నల్లజాతి కళాకారుల మాటెత్తితే మార్విన్ గే, కర్టిస్ మేఫీల్డ్ పేర్లు తనే తెచ్చి, వాళ్ళూ ఆ స్థాయిలో మాట్లాడలేదన్నాడు. మర్నాడే హాల్ ఆఫ్ ఫేమ్ బోర్డు ఆయన్ని తీసేసింది. ఆయన క్షమాపణ కూడా చెప్పుకున్నాడు.

చాలామంది ‘పాపం పెద్దాయన, ఆ తరం అంతే’ అని సర్దేశారు. నేను ఒప్పుకోను. 1973లో బెన్ ఫాంగ్-టోరెస్ రే చార్లెస్‌ని చేసిన ఇంటర్వ్యూ అచ్చయింది ఎక్కడ? ఇదే రోలింగ్ స్టోన్‌లో. దానికి అవార్డు కూడా వచ్చింది. అంటే నల్లజాతి సంగీతకారుడు తన పని గురించి ఎంత బాగా చెప్పగలడో వెన్నర్ సొంత పత్రికలోనే ఉంది. జోనీ మిచెల్ విషయం చూడండి. ఆవిడ పాటల్ని వదిలేసి ఆవిడ ఎవరెవరితో తిరిగిందో లెక్కలేసి వెక్కిరించింది 1970ల మొదట్లో ఇదే పత్రిక. ఆవిడ చాలాకాలం వీళ్ళ మొహం చూడలేదు. అలా చేసినవాళ్ళు, ఆవిడ మాతో లోతుగా మాట్లాడలేదు అంటే ఎలా? తరం తప్పు కాదిది. అడగాలనిపించలేదు, అంతే.

ఇక నా షీటు. 2003 లిస్టు పైనుంచి పదింటిలో నాలుగు బీటిల్స్‌వి, రెండు డిలన్‌వి. ఆడమనిషి ఒక్కరూ లేరు. నల్లజాతివాడు ఒక్క మార్విన్ గే, ఆరో స్థానంలో. వెన్నర్ ఒక్కడే కూర్చుని రాసిన లిస్టేం కాదు, వందలమంది ఓట్లు వేశారు నిజమే. కానీ ఓటరు జాబితా తయారుచేసేది కూడా పత్రికే కదా! 2020లో, ఆయన చేతిలోంచి పోయాక, ఇంకా పెద్ద జాబితాతో, చిన్నవాళ్ళనీ ఆడవాళ్ళనీ ఎక్కువగా చేర్చుకుని మళ్ళీ ఓట్లు వేయించారు. మొదటి స్థానం మార్విన్ గే ఆల్బమ్‌కి. జోనీ మిచెల్ మూడు. లారిన్ హిల్ 1998 ఆల్బమ్ పది.

ఆ పదో నంబరు చూసి నా పాత షీటు తెరిచాను. అదే ఆల్బమ్ అందులో 300 దాటాక ఎక్కడో ఉంది. నా టిక్కులు 200 దగ్గర ఆగిపోయాయి (పెళ్ళి, ఆన్‌సైటు, వగైరా). సెర్చిలో రెండో పేజీకి ఎవరు వెళ్తారు చెప్పండి? పదిహేడేళ్ళు నాకు ఆవిడ గొంతే తెలీదు, పైగా రాక్ సంగీతం ‘పూర్తిగా’ విన్నవాడినని జూనియర్లకి క్లాసులు పీకేవాణ్ణి. ఎవరెవరిని వినక్కర్లేదో కూడా ఆ లిస్టే నేర్పిందని అప్పుడు తోచలేదు.

వెన్నర్ ఇంటర్వ్యూ చదివిన రాత్రి 201వ వరుస నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఇంకా 260ల్లోనే ఉన్నాను. ఈసారి టిక్కులు పెట్టడం లేదు.